ప్యానెల్ మన గోడ మీద, పెత్తనం కంపెనీది

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ చెప్పాయి. ఇంట్లో లైట్లూ ఫ్యాన్లూ ఒకే స్క్రీన్ నుంచి నడిపే స్మార్ట్ హోమ్ ప్యానెల్ పెట్టించుకున్నాం, అదే కంపెనీ లైట్లు తప్ప వేరేవి ఏవీ దాంట్లోకి రావడం లేదు, డబ్బు పోయింది, ఫోన్ నిండా యాప్‌లు మిగిలాయి. తిరుపతి, చిత్తూరు వైపు కొత్తగా ఇళ్లు కట్టుకున్నవాళ్ల దగ్గర నుంచే ఇవి ఎక్కువగా వచ్చాయి. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, ఈసారి ఈ విషయం మీదే నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను.

ప్రశ్న: నమస్తే సార్. మాది తిరుపతి, తుమ్మలగుంట. పోయిన ఏడాది ఇల్లు కట్టుకుని చేరాం. ఇంటీరియర్ చేసినాయన చెబితే హాల్లో పది అంగుళాల టచ్ ప్యానెల్, గదుల్లో అదే కంపెనీ స్విచ్ మాడ్యూళ్లు పెట్టించాం. అమ్మేటప్పుడు "అన్నీ దీంట్లోకే వస్తాయి మేడమ్, అలెక్సాతో కూడా పనిచేస్తుంది" అన్నారు. లైట్లు, కర్టెన్లు బాగానే ఉన్నాయి. ముందే కొనుక్కున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటుతో తిరిగేవి) రాలేదు, ఏసీలు రాలేదు, గేటు కెమెరా రాలేదు, గేటుకు పెట్టిన ఎలక్ట్రిక్ తాళం రాలేదు. బోరు మోటారు సంగతి అడిగితే నవ్వారు. ప్యానెల్లో "థర్డ్ పార్టీ" అని ఒక పేజీ ఉంది, తెరిస్తే అలెక్సా, గూగుల్ అని రెండు బొమ్మలు, అంతే. డీలర్‌ని గట్టిగా అడిగితే ఫ్యాన్లకు మా కంపెనీ రెగ్యులేటర్ మాడ్యూళ్లు వేయించుకోండి అంటున్నాడు. నా ఫోన్లో ఇప్పుడు ఐదు యాప్‌లు. కొండకు దర్శనానికి వచ్చే బంధువులు ఏ అర్ధరాత్రో దిగుతుంటారు, మా మామగారు మెలకువగానే ఉంటారు కానీ గేటు తీయాలంటే నన్ను లేపాలి, ఎందుకంటే ఆ యాప్ నా ఫోన్లోనే ఉంది. ఇంత ఖర్చు పెట్టి ఇదేం అవస్థ సార్? ఏమైనా దారి ఉందా, లేక అంతా పీకేయాల్సిందేనా?

జవాబు: పీకేయొద్దమ్మా. మీ కోపం న్యాయమైనదే, కానీ ఇందులో చాలావరకు బాగుచేసుకోవచ్చు.

మీకు చెప్పింది పూర్తి అబద్ధం అనలేను, సగం చెప్పి ఊరుకున్నారు, కొనేవాళ్లకు దెబ్బ తగిలేది సరిగ్గా అక్కడే. "అలెక్సాతో పనిచేస్తుంది" అంటే, మన మాట విని పనిచేసే అమెజాన్ వాళ్ల అలెక్సా మీ ప్యానెల్ కింద ఉన్న లైట్లకు ఆర్డర్ వేయగలదు అని అర్థం. మీ ప్యానెల్ మాత్రం అలెక్సాలో చేర్చిన ఫ్యాన్లకు ఆర్డర్ వేయలేదు, ఆ దారే లేదు. అంటే ఈ ప్యానెల్ తన వస్తువుల్ని బయటివాళ్ల చేతికి ఇస్తుంది గానీ, బయటివాళ్ల వస్తువుల్ని తన లోపలికి రానివ్వదు. ఈ రెండింటికీ ఉన్న తేడా ఏ బ్రోచర్లోనూ రాయరు. కొనేముందు షోరూంలో "వేరే కంపెనీ ఫ్యాను ఈ స్క్రీన్ మీద కనిపిస్తుందా, ఇప్పుడు నా ముందే తిప్పి చూపించండి" అని అడగాలి. వీడియో చూపిస్తే ఒప్పుకోకూడదు.

పైగా ఆ అలెక్సా దారి కూడా ఎంత చుట్టు తిరిగిందో చూడండి. మీరు హాల్లో కూర్చుని లైటు వెయ్యమంటే ఆ మాట ముందు అమెజాన్ సర్వర్‌కు పోతుంది, అక్కణ్నుంచి ప్యానెల్ కంపెనీ సర్వర్‌కు, అక్కణ్నుంచి తిరిగి మీ ఇంటికి వచ్చి, అప్పుడు నెత్తిమీద లైటు వెలుగుతుంది. నవంబరు, డిసెంబరుల్లో వాయుగుండం పట్టి వానలు కొడుతుంటే మన వైపు ఫైబర్ తెగడం మామూలే, ఆ పూటకు ఆ ఏర్పాటంతా ఆగిపోతుంది.

కంపెనీలు ఎందుకు ఇలా తలుపులు బిగించుకుంటాయి అంటే, కొంత నిజంగానే పనిభారం. ఒక్కో కంపెనీ ఫ్యానుకు, ఏసీకి విడివిడిగా సాఫ్ట్‌వేర్ రాయాలి, అవతలివాళ్లు తమ సర్వర్లో ఏదైనా మార్చిన రోజు ఇక్కడ ఆగిపోతుంది, కస్టమర్ ఫోన్ చేసి తిట్టేది ప్యానెల్ వాళ్లనే. ఇంతవరకు అర్థం చేసుకోగలను. మిగతాది మాత్రం అచ్చం వ్యాపారమే, ఒకసారి గోడకు ప్యానెల్ బిగించాక తరవాత కొనే ప్రతి మాడ్యూలూ తమ దగ్గరే కొనాలన్న ఆశ. బయటివాళ్లు సొంతంగా రాసుకున్న సాఫ్ట్‌వేర్‌ని కూడా అడ్డుకున్న సందర్భాలు ఉన్నాయి. 2023లో అమెరికాలో గ్యారేజీ తలుపులు నడిపే చాంబర్లేన్ కంపెనీ తన మైక్యూ సర్వర్‌కు అనుమతి లేని బయటి సాఫ్ట్‌వేర్లు తగలకుండా మూసేసింది. 2024 జనవరిలో హయర్ యూరప్ విభాగం, తమ ఏసీలను, వాషింగ్ మెషిన్లను వేరే వ్యవస్థకు కలిపే ప్లగిన్ రాసి ఉచితంగా పెట్టిన డెవలపర్‌కు లీగల్ నోటీసు పంపింది. వాడుకునేవాళ్లు గట్టిగా గొడవ చేశాక వెనక్కి తగ్గి అతనితో మాట్లాడింది. ఈ రెండో సంగతి ఎందుకు చెబుతున్నానంటే, కొన్నవాళ్లు నోరు తెరిస్తే కంపెనీలు వింటాయి. మీరు డీలర్‌తో ఆగకుండా కంపెనీకే మెయిల్ రాయండి, ఫలానా మోడల్, ఫలానా తేదీన కొన్నాం, వేరే కంపెనీ వస్తువులు చేర్చుకునే అప్‌డేట్ ఎప్పుడు ఇస్తారో తేదీతో సహా చెప్పండి అని.

ఇక మీ వస్తువుల సంగతి. డీలర్ మాట విని బీఎల్‌డీసీ ఫ్యాన్లకు రెగ్యులేటర్ మాడ్యూళ్లు మాత్రం వేయించకండి. ఆ ఫ్యానులో వేగం మార్చే సర్క్యూట్ మోటారు దగ్గరే ఉంటుంది, బయటి నుంచి రెగ్యులేటర్‌తో వోల్టేజీ తగ్గిస్తే ఆ సర్క్యూట్ దెబ్బతినవచ్చు, వారంటీ కూడా ఇవ్వరు. ఆ సలహా మామూలు ఫ్యాన్లకే సరిపోతుంది, అది తెలియకుండా ఇచ్చాడో తెలిసే ఇచ్చాడో గానీ మీకు మాత్రం నష్టం. మీ ఫ్యాన్లు వైఫై ఉన్నవైతే దారి ఉంది, ఆటంబర్గ్ లాంటి కంపెనీ తన యాప్‌లోనే డెవలపర్ కీ ఇస్తోంది, ఆ కీతో వేరే సాఫ్ట్‌వేర్ ఆ ఫ్యాన్లను నడపగలదు. ఇలాంటి పని చేసే కంపెనీని మెచ్చుకోవాలి.

ఏసీలకు ఐఆర్ బ్లాస్టర్ అని అరచేతిలో పట్టే డబ్బా దొరుకుతుంది, రిమోట్ పంపే సిగ్నల్‌నే అది పంపుతుంది. దీంతో ఒక చిక్కుంది. అది పంపుతుంది గానీ ఏసీ ఏం చేసిందో తెలుసుకోలేదు. మీ పిల్లలు మామూలు రిమోట్‌తో ఏసీ ఆపేస్తే స్క్రీన్ మీద ఇంకా ఆన్ అనే చూపిస్తుంది, మీరు ఆపబోయి మళ్లీ వేసేస్తారు. ఆన్‌కీ ఆఫ్‌కీ వేర్వేరు సిగ్నల్ ఉన్న ఏసీ అయితే ఈ గొడవ తక్కువ, ఒకే బటన్‌తో రెండూ జరిగే ఏసీ అయితే ఎక్కువ.

కెమెరా బాక్సు మీద ఆన్‌విఫ్ అని ఉందేమో చూడండి. ఇది 2008లో యాక్సిస్, బాష్, సోనీ కలిసి మొదలుపెట్టిన ఉమ్మడి పద్ధతి, ఇది ఉన్న కెమెరా బొమ్మను ఇదే పద్ధతి పాటించే ఏ కంపెనీ రికార్డర్ అయినా, సాఫ్ట్‌వేర్ అయినా తీసుకోగలదు. స్మార్ట్ హోమ్ మొత్తంలో అందరికీ ఇలాంటి పద్ధతి మొదటినుంచీ ఉండుంటే ఈ రోజు మీరు ఈ ఉత్తరం రాసేవారే కాదు.

గేటు తాళానికి అసలు యాప్ అవసరమే లేదు. చాలా ఎలక్ట్రిక్ తాళాల కంట్రోల్ బోర్డు మీద "ఎగ్జిట్ స్విచ్" అని రెండు స్క్రూలు ఉంటాయి, ఆ రెండూ ఒక్క క్షణం కలిస్తే తాళం తెరుచుకుంటుంది. అక్కడి నుంచి సన్న వైరు లాగించి, మీ మామగారి మంచం పక్కన కాలింగ్ బెల్లు స్విచ్ లాంటిది ఒకటి పెట్టించండి. వచ్చిందెవరో చూసి నొక్కడానికి చిన్న వీడియో డోర్ ఫోన్ స్క్రీన్ కూడా అక్కడే ఉంటే మంచిది. ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని, నెట్ ఉన్నా లేకున్నా నడుస్తుంది, తాళానికి ఇన్వర్టర్ లైను ఇప్పిస్తే కరెంటు పోయినా నడుస్తుంది. నాకైతే మీ ఇంట్లో అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఇదే అనిపిస్తోంది. డెబ్బై దాటిన మనిషైనా సరే, తన ఇంటి గేటు తను తీయగలగాలి.

బోరు మోటారు గురించి నవ్వినవాళ్లకు పని తెలియదు. మోటారును స్మార్ట్ ప్లగ్గుకు పెట్టకూడదు, నిజమే, మొదలయ్యేటప్పుడు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి ప్లగ్గు మాడిపోతుంది. కానీ స్టార్టర్ డబ్బాలోని స్టార్ట్, స్టాప్ బటన్లకు రిలే (సిగ్నల్ వస్తే దానంతట అది కలిసే చిన్న స్విచ్) కలిపితే భారం అంతా స్టార్టరే మోస్తుంది, రిలే వేలితో నొక్కే పని మాత్రం చేస్తుంది. మన జిల్లాల్లో రైతులు ఫోన్ కొట్టి పొలంలో మోటారు వేసే మొబైల్ స్టార్టర్లు పనిచేసేది కూడా ఈ పద్ధతిలోనే. ట్యాంకు నిండితే ఆపే పని మాత్రం విడిగా వాటర్ లెవెల్ కంట్రోలర్‌కు వదిలేయండి, అది ఏ ప్యానెల్ మీదా ఆధారపడకూడదు.

ఇప్పుడు వీటన్నిటినీ ఒకే స్క్రీన్ మీదకు తేవాలంటే, ప్యానెల్‌ని ఇంటిపెద్దగా అనుకోవడం మానేయాలి. దాన్ని లైట్లకూ కర్టెన్లకూ ఉంచి, పెత్తనం వేరేదానికి ఇవ్వండి. హోమ్ అసిస్టెంట్ అని ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన) సాఫ్ట్‌వేర్ ఉంది, పౌలస్ షౌట్సెన్ అనే ఆయన 2013లో మొదలుపెట్టారు, 2024 నుంచి ఓపెన్ హోమ్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ చేతిలో ఉంది. రాస్‌ప్‌బెరీ పై లాంటి చిన్న కంప్యూటర్ మీద నడుస్తుంది, వెయ్యికి పైగా రకాల వస్తువులు, సేవలు దీనికి కలుస్తాయి, ఇంటి లోపలే నడుస్తుంది కాబట్టి నెట్ పోయినా లోకల్‌గా కలిసినవన్నీ పనిచేస్తూనే ఉంటాయి. మూలన పడున్న పాత ట్యాబ్లెట్‌ని గోడకు తగిలిస్తే అదే మీ కొత్త ప్యానెల్. సెటప్‌కు ఓపిక కావాలి, అది దాచను. ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలెవరైనా ఉంటే సెలవుల్లో వాళ్లకు అప్పజెప్పండి.

మీ లైట్లు కూడా దాంట్లోకి వస్తాయా అన్నది మాడ్యూళ్లు ఏ భాషలో మాట్లాడతాయన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎంసీబీ ఆపించి, ఎలక్ట్రీషియన్‌తో ఒక స్విచ్ ప్లేటు తీయించి, మాడ్యూల్ వెనక ఏం రాసుందో ఫోటో తీసుకోండి. జిగ్‌బీ (చాలా కంపెనీలు వాడే ఉమ్మడి రేడియో పద్ధతి) అని ఉంటే చాలావరకు రీసెట్ చేసి కలుపుకోవచ్చు. కేఎన్‌ఎక్స్ అయితే ఇంకా మంచిది, అది వందల కంపెనీలు పాటించే ఉమ్మడి పద్ధతి. కంపెనీ సొంత రేడియో అయితే మాత్రం లైట్లు ఆ ప్యానెల్‌కే అంటిపెట్టుకుని ఉంటాయి, మిగతావన్నీ ఇటు తెచ్చుకోవడమే.

ప్రశ్న: అన్నా, చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఎలక్ట్రికల్ పనులు చేస్తాను. ఈ మధ్య కస్టమర్లు స్మార్ట్ ప్యానెల్ అడుగుతున్నారని ఒక కంపెనీ ట్రైనింగ్‌కు పోయి వచ్చి నాలుగు ఇళ్లలో బిగించాను. ఇప్పుడు ఒక్కొక్కరూ ఫోన్ చేసి గీజర్ రాలేదు, టీవీ రాలేదు, ఇంకో కంపెనీ కెమెరా రాలేదు అని నామీద అరుస్తున్నారు. కంపెనీవాళ్లు "సపోర్ట్ లేదు" అని ఒక్క మెసేజ్ పెట్టి ఊరుకుంటారు. మధ్యలో నేనేం చేసేది అన్నా? ఊళ్లో మాట పోతే పని పోయినట్టే.

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం చదివి బాధేసింది, ఎందుకంటే ఈ వ్యవహారంలో తిట్లు తినేది ఎప్పుడూ నిచ్చెనెక్కిన మనిషే. కంపెనీ బోర్డును తిట్టేవాళ్లు ఎవరూ ఉండరు, నీ నంబరు అందరి దగ్గరా ఉంటుంది.

ఇకమీదట కొటేషన్‌లోనే ఒక పేజీ రాయి. ఈ ప్యానెల్‌కు ఏవి కలుస్తాయి, ఏవి కలవవు, ఏవి అలెక్సా ద్వారా మాత్రమే నడుస్తాయి, ఏవి నెట్ లేకపోతే ఆగిపోతాయి, అన్నీ మన మాటల్లో, తెలుగులో. కస్టమర్ ఇంట్లో ఇప్పటికే ఉన్న ఫ్యాన్లు, ఏసీలు, టీవీ, కెమెరాల మోడల్ నంబర్లు ఫోటోలు తీసుకుని, ఒక్కోదాని పక్కన వస్తుందో రాదో రాసి సంతకం పెట్టించుకో. ఆ పేజీ చూసి ఒకరిద్దరు వద్దనుకున్నా పర్వాలేదు, వాళ్లు రేపు నీ పరువు తీసేవాళ్లు కారు. కంపెనీకి చెప్పు, ఈ పేజీ నింపడానికి కావాల్సిన వివరం ఇస్తేనే మీ దగ్గర సరుకు తీసుకుంటానని. మీలాంటి బిగించేవాళ్లు ఒక పదిమంది కలిసి అడిగితే ఏ కంపెనీ సేల్స్ మేనేజర్ అయినా దిగి రావాల్సిందే, వాళ్ల సరుకు గోడ ఎక్కేది మీ చేతుల మీదుగానే కదా.

బిగించాక అప్పజెప్పేముందు కస్టమర్ ఎదురుగానే రౌటర్ వైరు పీకేయి. అప్పుడు ప్యానెల్లో ఏం పనిచేస్తుందో, ఏం ఆగుతుందో వాళ్లే చూస్తారు. ఒక్క నిమిషం పని, దాంతో తరవాత వచ్చే సగం ఫోన్లు రావు.

గీజర్ గురించి ప్రత్యేకంగా అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. రెండు వేల వాట్ల గీజర్ దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది, మూడు వేలదైతే పదమూడు. పది ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గు పెట్టి గంటసేపు నడిపితే వేడెక్కి కరిగిపోయే ప్రమాదం ఉంది, పదహారు ఆంపియర్ల మాడ్యూల్, దానికి తగిన వైరు, విడి ఎంసీబీ ఉండాలి. మామూలు నాబ్ తిప్పే గీజర్ ఆన్, ఆఫ్ మాడ్యూల్‌తో చక్కగా వస్తుంది, టచ్ బటన్ గీజర్లలో కొన్ని కరెంటు వచ్చినా మళ్లీ బటన్ నొక్కితేగానీ మొదలవ్వవు, వాటికి మాడ్యూల్ పెట్టి లాభం లేదు. ముందు ప్లగ్గు పీకి మళ్లీ పెట్టి చూడు, దానంతట అది మొదలైతేనే ఒప్పుకో.

కొత్తగా కట్టే ఇల్లయితే పని ఇంకా సులువు. ప్రతి స్విచ్ బాక్సుకూ న్యూట్రల్ లాగు, బాక్సులు లోతైనవి వెయ్యి, ప్యానెల్ వచ్చే చోటుకూ గేటుకూ మెట్ల దగ్గరికీ క్యాట్ సిక్స్ నెట్‌వర్క్ వైరు పైపులో వేసి వదులు. కంపెనీ మారినా వైరింగ్ మారక్కర్లేదు. స్విచ్ అనేది చేత్తో నొక్కితే వెలిగేలాగే ఉంచు, స్క్రీన్ మీద మాత్రమే లైటు వెలిగే ఏర్పాటు ఎవరింట్లోనూ చేయొద్దు.

ఇంకో ముఖ్యమైన మాట, ఇది నువ్వు చేస్తున్నావని అనడం లేదు, చాలామంది చేస్తున్నారు. ప్యానెల్ సెటప్ చేసేటప్పుడు అడ్మిన్ అకౌంట్ బిగించినవాళ్ల మెయిల్ మీద తెరిచి, ఇంటివాళ్లకు మామూలు యూజర్‌గా లింకు ఇస్తారు. ఇల్లు కట్టించుకున్న మనిషి తాళంచెవి మేస్త్రీ జేబులో ఉన్నట్టు అవుతుంది అది. రేపు ఆ ఎలక్ట్రీషియన్ బెంగళూరుకు పనికి పోతే ఒక్క లైటు పేరు మార్చడానికి కూడా దిక్కుండదు. అకౌంట్ ఇంటివాళ్ల మెయిల్ మీదే తెరిపించు, పాస్‌వర్డ్ వాళ్లనే పెట్టుకోమను, ప్రతి మాడ్యూల్ మీద ఉన్న క్యూఆర్ కోడ్ గోడలోకి పోకముందే ఫోటో తీసి వాళ్లకు పంపు. అవి లోపలికి పోయాక కావాలంటే ప్లేట్లన్నీ విప్పాల్సిందే.

ప్రశ్న: సార్, నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ని, చంద్రగిరి. మా అబ్బాయి "మ్యాటర్ గుర్తు ఉన్న ప్యానెల్ కొను నాన్నా, అన్ని కంపెనీలూ కలుస్తాయి" అంటున్నాడు. మా పక్కింటాయన దగ్గర ఆ గుర్తున్న ప్యానెల్లోనే కెమెరా రాలేదు. ఎవరి మాట నమ్మాలి? ఇంకో ఏడాది ఆగమంటారా?

జవాబు: సార్, మీ అబ్బాయి చెప్పింది సరైన దారే, మీ పక్కింటాయన అనుభవమూ నిజమే.

ఇన్నాళ్లూ ఎవరి భాష వాళ్లది కాబట్టి అమెజాన్, ఆపిల్, గూగుల్, శామ్‌సంగ్ లాంటి పెద్ద కంపెనీలు కలిసి కనెక్టివిటీ స్టాండర్డ్స్ అలయన్స్ అనే సంస్థ ద్వారా ఒక ఉమ్మడి భాష తయారు చేసుకున్నాయి, అదే మ్యాటర్. మొదటి వెర్షన్ 2022 అక్టోబరులో వచ్చింది. మంచి సంగతి ఏమిటంటే ఇది ఇంటి లోపలి నెట్‌వర్క్‌లోనే నడుస్తుంది, ప్రతి ఆర్డరూ ఏ దేశంలోనో ఉన్న సర్వర్‌కు పోయి రానక్కర్లేదు. ఒక వస్తువును ఒకేసారి కనీసం ఐదు వ్యవస్థలకు చేర్చుకోవచ్చు, అంటే అదే బల్బు మీ ప్యానెల్లోనూ ఉంటుంది, మీ అబ్బాయి ఫోన్లోని గూగుల్ హోమ్‌లోనూ ఉంటుంది, ఒకదాన్ని చూసి ఇంకోటి అలగదు.

అయితే ఏ వస్తువులు వస్తాయన్నది వెర్షన్‌ని బట్టి ఉంటుంది. మొదట బల్బులు, ప్లగ్గులు, తాళాలు, కర్టెన్లు, సెన్సార్ల వంటివే ఉన్నాయి. ఫ్యాన్లు, గది ఏసీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు 2023 అక్టోబరులో వచ్చిన 1.2 వెర్షన్‌తో చేరాయి. గీజర్లు 2024 నవంబరులో 1.4తో. కెమెరాలైతే 2025 నవంబరులో 1.5 వచ్చాకే. వెర్షన్‌లో ఉన్నంత మాత్రాన గోడమీది ప్యానెల్లోకి వచ్చేసినట్టు అనుకోకండి, ఆ కంపెనీ తన సాఫ్ట్‌వేర్ మార్చి మీ ఇంటికి అప్‌డేట్ పంపాలి. పక్కింటాయన కెమెరా దగ్గర ఆగింది ఇందుకే అయుంటుంది.

ఇంకా పెద్ద చిక్కు ఆ గుర్తులోనే ఉంది. ప్యానెల్ మీద మ్యాటర్ గుర్తు ఉన్నంత మాత్రాన అది వేరే కంపెనీల వస్తువుల్ని నడుపుతుందని అనుకోవడానికి లేదు. కొన్ని ప్యానెళ్లు బ్రిడ్జ్‌గా మాత్రమే ఉంటాయి, తమ కింది లైట్లను బయటికి ఇస్తాయి గానీ ఎవర్నీ లోపలికి తీసుకోవు. పై ఉత్తరంలో చెప్పిన ఒకవైపు దారి కథే ఇది, కొత్త గుర్తుతో. మీకు కావాల్సింది మ్యాటర్ కంట్రోలర్, అంటే వేరే కంపెనీల మ్యాటర్ వస్తువుల్ని కూడా నడిపేది. ఆ మాట బ్రోచర్లో స్పష్టంగా ఉండాలి, ఏ వెర్షనో ఉండాలి. త్రెడ్ అనే తక్కువ కరెంటు రేడియోతో నడిచే సెన్సార్లు కొనాలనుకుంటే వాటిని ఇంటి నెట్‌వర్క్‌కు కలిపే త్రెడ్ బోర్డర్ రౌటర్ కూడా ఒకటి ఇంట్లో ఉండాలి, కొన్ని ప్యానెళ్లలో, స్పీకర్లలో అది లోపలే ఉంటుంది.

ఆగాలా అంటే, ఆగనక్కర్లేదు సార్. స్విచ్‌లు, ప్లగ్గులు, తాళం మ్యాటర్‌వి ఇప్పుడే కొనుక్కోండి, అవి రేపు ఏ మ్యాటర్ కంట్రోలర్‌కైనా పోతాయి. పెద్ద ఖర్చు పెట్టి గోడ తొలిచి బిగించే ప్యానెల్ మాత్రం తొందరపడకండి. అన్నిటికన్నా త్వరగా పాతబడేది అదే, మిగతావాటికన్నా పీకడం కష్టమైనదీ అదే.

ప్రశ్న: మేము రేణిగుంట రోడ్డులో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. బిల్డర్ ప్రతి ఫ్లాట్‌లో స్మార్ట్ ప్యానెల్ ఇచ్చాడు, దాని పేరు చెప్పి ధర కూడా పెంచాడు. ఇప్పుడు ఆ యాప్ ప్లే స్టోర్లోనే లేదు, కంపెనీ ఫోన్ ఎత్తడం లేదు, ప్యానెల్ గోడకు అద్దంలా ఉంది. ఎవరిని అడగాలి?

జవాబు: ఇలా జరగడం కొత్తేమీ కాదు. నెస్ట్ కంపెనీ 2014లో కొన్న రివాల్వ్ అనే హబ్‌ను (ఇంట్లో స్మార్ట్ వస్తువుల్ని కలిపి నడిపే డబ్బా) 2016 మేలో పూర్తిగా ఆపేసింది, డబ్బు పెట్టి కొన్న డబ్బాలు అలాగే ఉండిపోయాయి. ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ హోమ్ కంపెనీ సర్వర్లు 2022 ఏప్రిల్‌లో చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. బెల్కిన్ కంపెనీ తన వీమో స్మార్ట్ హోమ్ వస్తువుల్లో చాలావాటికి 2026 జనవరి 31తో యాప్, సర్వర్ సేవలు ఆపేస్తున్నట్టు ముందే ప్రకటించింది, వాటిలో ఆపిల్ వాళ్ల స్మార్ట్ హోమ్ వ్యవస్థ అయిన హోమ్‌కిట్‌కు అప్పటికే కలిపి పెట్టుకున్నవి మాత్రం ఇంటి లోపలే నడుస్తాయి. లోకల్ దారి ఉన్నవాళ్లకు, లేనివాళ్లకు ఉన్న తేడా అంత.

మీ విషయంలో మీరు డబ్బు ఇచ్చింది బిల్డర్‌కు, కాబట్టి అడగాల్సింది కూడా ముందు బిల్డర్‌నే. ప్యానెల్ కంపెనీ ఎటుపోయిందన్నది ఆయన తేల్చుకోవాల్సిన సంగతి. బ్రోచర్, అమ్మకపు ఒప్పందంలో సౌకర్యాలు రాసిన పేజీ, సేల్స్ మనిషి పంపిన వాట్సాప్ మెసేజ్‌లు, ఇప్పుడు ప్యానెల్ చూపిస్తున్న ఎర్రర్ ఫోటో, అన్నీ ఒకచోట పెట్టండి. ఫ్లాట్ల వాళ్లంతా అసోసియేషన్ తరఫున కలిసి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి, ప్యానెల్ మార్చి ఇస్తారా, డబ్బు వెనక్కి ఇస్తారా అని, గడువు పెట్టి. లేనిది ఉందని చెప్పి అమ్మడం, ఇస్తానన్న సేవ ఆపేయడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తాయి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే ఫీజు ఉండదు, మీది ఫ్లాటు ధరలో కలిసిన ప్యానెల్ కాబట్టి ఆ లెక్క ఎలా చూపాలో ఒక లాయర్‌ని అడిగి వేయండి. సమస్య మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. యాప్ ఎప్పుడు ఆగిందో ఆ తేదీ మీ గ్రూపులో ఎవరి మెసేజ్‌లోనైనా ఉంటుంది, అది వెతికి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.